గుమ్మానికి అడ్డం పెట్టిన కంప

తిరువూరు బస్టాండు వెనక నా టైలరింగ్ షాపు ఉంది. అయినా మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే విస్సన్నపేట వైపు గుట్ట కిందున్న మా తండా పేరే చెబుతాను. మేం లంబాడీలం. అమ్మను యాడి అంటాం. ఆ గుట్ట మీద యాడి పోడు సేద్యం చేస్తుంది.

కంది కోతలయ్యాక గుట్ట మీద గడ్డి ఉండదు. తాతల నాటి నుంచీ తండాలో సగం మంది పశువులను తోలుకుని కృష్ణా నది లంకలకు పోతారు. వెళ్ళేటప్పుడు గుమ్మానికి రేగుకంప అడ్డం పెడతాం. మళ్ళీ వస్తామని దానర్థం. తొలకరికి వచ్చి తీస్తాం.

చేనుకు అటవీ హక్కుల పట్టా కావాలని యాడి దరఖాస్తు పెట్టింది. అది లేకపోతే ఎప్పుడైనా ఖాళీ చేయిస్తారు. పరిశీలనకు ఆఫీసరు సరిగ్గా ఎండాకాలంలో వచ్చాడు. కంప చూశాడు. తొలకరికి వస్తారని పక్కింటి ముసలాయన చెప్పినా వినకుండా, ‘ఎవరూ ఉండటం లేదు’ అని రాసుకుపోయాడు.

ఆఫీసుకు వెళ్ళి అడిగాను.

"మీరు తిరిగేవాళ్ళు కదమ్మా. ఏ గుట్టయితే ఏంటి మీకు?" అన్నాడు ఆ ఆఫీసరు, ఫోన్లోంచి తలెత్తకుండా.

"మా తాతను, నాయనమ్మను కాటికి సాగనంపింది ఆ గుట్ట కిందేనండి. పశువులతో తిరిగేవాళ్ళకీ హక్కుందని చట్టంలోనే ఉంది. మీరు పండక్కి ఊరెళ్తే తాళం వెయ్యరా? మేం కంప వేశాం."

"కంప దొడ్డికేస్తారమ్మా, ఇంటికి కాదు."

గుమాస్తా నవ్వాడు. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు. ఈ రెండూ నాకు గుర్తే.

అర్జీలు తీసుకునే సోమవారం వస్తే షాపు మూసి వెళ్ళేదాన్ని. చివరికి మళ్ళీ వచ్చి చూస్తామన్నారు. ఎప్పుడో చెప్పలేదు. వేసవి రాగానే బజార్లో పెద్ద తాళం కొని యాడికిచ్చాను.

"ఇదెందుకే? మనింట్లో ఏముందని దొంగలొస్తారు?"

"దొంగలకు కాదు, ఆఫీసరుకి."

గొణుక్కుంటూనే తాళం వేసి పశువుల వెంట వెళ్ళింది. ఆఫీసు వాళ్ళు వచ్చింది అప్పుడే. ఇంట్లో ఎవరూ లేరు. తాళం చూసి ‘నివాసం ఉంటున్నారు’ అని రాశారు.

పట్టా వచ్చింది. యాడి దాన్ని బియ్యం డబ్బాలో దాచి, "వచ్చింది కదా, ఇంక ఊరుకోవే" అంది.

తాళాన్ని చూసి ఇచ్చిన పట్టా అది. కంప చూసి ముందు రాసింది తప్పని ఒప్పుకుని కొట్టేయమని అడగడానికి ఇప్పటికీ సోమవారాలు వెళుతున్నాను. ఆ ఆఫీసరు బదిలీ అయ్యాడు. కొత్తాయన కుర్చీ చూపించాడు. నిలబడే చెప్పాను.