చెల్లెలు కోయనివ్వని పడుగు

మొన్న రామన్నపేటలో మా చెల్లెలి కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకోవడానికి ముందుగదిలోని మగ్గం గుంటను పూడ్పిస్తూ, మగ్గం మీద సగంలో ఆగిన చీరను కోయడానికి మాత్రం చెయ్యి రాక నన్ను పిలిపించాడు. కత్తెర నా చేతిలో పెట్టి, "పెద్దమ్మా, జర నువ్వే కొయ్యరాదు, నాతోని అయితలేదు" అన్నాడు. మట్టి ట్రాక్టరు వాకిట్లోనే నిలబడి ఉంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా మరిది, అదే మా చెల్లెలి మొగుడు, ఆ చీరను వదిలేసి, మరమగ్గాల పనికని బొంబాయి దగ్గరి భీవండి పోయాడు. కొన్నాళ్లు పండుగలకు వచ్చాడు, ఆ తర్వాత ఫోన్లే వచ్చాయి, చివరికి అవీ లేవు. మా నేతోళ్ల ఇళ్లలో మగ్గాన్ని బోసిగా ఉంచరు. చీర పూర్తయినా నిలువు పోగుల పాత పడుగు కొసలు మగ్గం మీదే ఉంచి, కొత్త పడుగును ఒక్కొక్క పోగే వాటికి అతుకుతాం, ఆ పని ఆడవాళ్లదే. మా చెల్లెలు ఊళ్లో అందరి పడుగులూ అతికి కొడుకును సాకింది గానీ, ఇంట్లో ఆ ఒక్క పడుగును ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఆ రోజుల్లోనే ప్రార్థనలకు పోవడం మొదలుపెట్టింది. మార్కండేయుణ్ణి కొలిచే ఇల్లు మాది, కులపోళ్లు గొణిగారు. ఏడవడానికి దానికొక చోటు దొరికిందిలే అని నేను ఊరుకున్నాను. అక్కడి పాస్టరు ఒకసారి యూదుల పాత ఆచారం చెప్పాడట. లేమిలో తనను తాను అమ్ముకున్నవాణ్ణి రక్తసంబంధీకుడే పోయి విడిపించి తేవాలట, దేవుడు మనకు అటువంటి చుట్టమట, క్రీస్తుగా పుట్టింది అందుకేనట. మా పిచ్చిది దాన్ని ఉన్నదున్నట్టు నమ్మి, మొగుణ్ణి విడిపించి తేవడానికి దేవుడు తోడుంటాడని నన్నూ మా ఆయననూ వెంటబెట్టుకుని భీవండి బయలుదేరింది.

మరిది కార్ఖానా గేటు దాకా వచ్చాడు. పెళ్లాం మొహం చూడకుండా నాతోనే, "నేను రాను వదినె, నాకిక్కడ వేరే ఇల్లయింది" అని లోపలికి పోయాడు. మేం ముగ్గురం ఏం చేయగలం, వచ్చిన దారినే రైలెక్కాం.

నాకు ఒళ్లు మండి, మీ దేవుడు విడిపిస్తడంటివి గదనే అని అడిగాను. కిటికీలోంచి చూస్తూనే అది, పూర్వం ఒక ప్రవక్తను భార్య విడిచిపోతే, నా జనం చేతిలో నా గతీ ఇంతేనని దేవుడు చెప్పుకున్నాడని చెప్పింది. "ఆయన గూడ పిలుస్తడు గని గుంజుకరాడు అక్కా. గుంజుకొస్తే గది విడిపించుడెట్లయితది" అంది. దేవుడంటే ఏమైనా చేయగలవాడనుకునేదాన్ని, మనలాగే గుమ్మంలో కూర్చుని ఎదురుచూసే దేవుడంటే ఆ రోజు నాకు భయం వేసింది. అది ఓదార్పో కాదో ఇప్పటికీ తెలియదు.

పోయిన వానాకాలం జ్వరం వచ్చి మా చెల్లెలు దాటిపోయింది. మనిషి పోయిందని కబురు పెట్టినా మరిది రాలేదు.

ట్రాక్టరువాడు తొందరపెడుతుంటే కోసేశాను. పొద్దున లేస్తే వీధంతా వినిపించిన మగ్గాల చప్పుడు ఇప్పుడు లేదు, పోగులు అతికిన మా తోటివాళ్లకు చూపు ఆనదు. అయినా ఆ పడుగు కొసలను పారేయలేక కొంగున కట్టి ఇంటికి తెచ్చుకున్నాను. దీపం పెట్టి మార్కండేయుడికి దండం పెట్టుకున్నాక, రోజూ మా చెల్లెలి దేవుణ్ణి కూడా ఒక మాట అడుగుతున్నాను, పిలవడానికి అది లేదు కదా, భీవండిలో ఉన్నవాణ్ణి నువ్వన్నా ఇంకా పిలుస్తున్నావా అని.