గనిలో బావను ఓదార్చిన వైనం

గనుల్లో పడి చచ్చినవాళ్ల సంగతి మీరు వినే ఉంటారు. గనిలో దూరి, ఒంటి మీద గీత పడకుండా బయటికొచ్చి, అలా వచ్చినందుకు చచ్చినంత పనైన మనిషి సంగతి విని ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు. నాకు కన్ను బాగానే ఉంది, పరువు లొట్టపోయింది.

డెబ్భైల చివర్లో బాన్సువాడలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. పెళ్లి కాలేదు, సైకిలుంది, ఆదివారం సెలవు. ఈ మూడూ ఒకచోట కలిస్తే ఎవడైనా పేకాటకు పోతాడు, లేదంటే సినిమాకు పోతాడు. నేను గుట్టల్లోకి పోయేవాణ్ణి. నస్రుల్లాబాద్ దారిలో రోడ్డు దిగి లోపలికి పోతే, ఎవరో కాంట్రాక్టరు ఒకప్పుడు పలుగురాయి కోసం తవ్వించి, గిట్టక వదిలేసిన పాత గనులుండేవి. కొన్ని బావుల్లా నిలువుగా, కొన్ని సొరంగాల్లా గుట్ట కడుపులోకి. వాటిలో దూరడం నా సరదా. ఏం దొరికేదంటారా? గబ్బిలాల కంపు, మోకాళ్ల మీద దోక్కుపోయిన చర్మం, ఒకసారి మాత్రం విరిగిన గడ్డపార. దాన్ని గురించి సోమవారం ఆఫీసులో లంకెబిందె దొరికినట్టు చెప్పుకున్నాను.

"నీకేం పోయేకాలం వచ్చిందిరా నర్సిగా?" అనేది మా అమ్మ. "సచ్చినోళ్లను గూడ మనం గంత లోతుల పెట్టం గదరా!"

అమ్మ మాటకు నవ్వేవాణ్ణి. కానీ నేను చెప్పబోయే ఏడాది మా ఇంట్లో నవ్వు లేదు. మా అక్క సత్తెమ్మను బిచ్కుందలో ఇచ్చాం. వాళ్లకు లేకలేక ఒక ఆడపిల్ల పుట్టింది. వానాకాలంలో జ్వరమొచ్చి, దవాఖానకు తీసుకుపోయేలోపే చల్లబడింది. దోగాడటం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్ల. పిల్లను పూడ్చిన మట్టి ఇంకా ఆరకముందే మా బావ రాజారాం పార భుజాన వేసుకుని చెరుకు తోటకు పోయాడట. అది చూసి అక్క మూట కట్టుకుని మా ఇంటికి వచ్చేసింది.

"కంట్ల సుక్క నీళ్లు రాలేదమ్మా గాయినకు. మనిషి గాదు, బండ. నేను ఆ ఇంటికి పోను" అంది.

బావ ప్రతి ఆదివారం వచ్చేవాడు. ముందరింట్లో స్టూలు మీద కూర్చుని చాయ్ తాగేవాడు. అక్క వంటింట్లోంచి వచ్చేది కాదు. ఆయన పిలిచేవాడు కాదు. గోడకు అటు గిన్నెల చప్పుడు, ఇటు మౌనం. సాయంత్రం బస్సుకు లేచి పోయేవాడు.

ఒక ముసురు పట్టిన ఆదివారం ఆ స్టూలునూ ఆ మనిషినీ చూసి నా గుండె ఆగలేదు. గుండె ఆగకపోతే ఊరుకోవచ్చు, నోరు కూడా ఆగలేదు.

"బావా, గనికి పోదామా?"

"ఏ గని?"

"గుట్టల్ల పాత గని. మస్తు లోపలికి ఉంటది."

"అండ్ల ఏముంటది?"

"ఏముండది. సీకటి ఉంటది."

బావ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అయితే పా" అన్నాడు.

తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నారు పెద్దలు. నేను దూరే సందు ఉన్నచోటికే బావను మెడకు కట్టుకుని బయల్దేరాను.

గని నోరు చాలా చిన్నది. సైకిలు బయట పెట్టి పాక్కుంటూ పోతే, లోపల నిలబడేంత చోటు. పైకప్పు కూలకుండా నడుమ పెద్ద రాతి స్తంభం ఒకటి తవ్వకుండా వదిలేశారు. దాని వెనక నుంచి సొరంగం లోపలికి పోతుంది. నేను టార్చి వేసి, పెళ్లికొడుక్కి విడిదిల్లు చూపించే పెద్దమనిషిలా ముందు నడిచాను. గని నోటి వెలుతురు అందనంత లోపలికి, సొరంగం చివరిదాకా పోయి వెనక్కి తిరిగాం. "పైన జూడు బావా, గబ్బిలాలు!" అని చెయ్యెత్తాను. కాలు జారింది. టార్చి ఎగిరి, కింద నిలిచిన నీళ్లలో బుడుంగుమంది.

అమావాస్య చీకటి చూసి ఉంటారు. గని చీకటి ముందు అది పెట్రోమాక్సు లైటు. బావ బీడీల కోసం పెట్టుకున్న అగ్గిపెట్టె ముసురుకు మెత్తబడి గీస్తే పిండిలా రాలింది. ఇద్దరం గొంతు చించుకుని అరిచాం. మా అరుపులే గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి మమ్మల్నే భయపెట్టాయి.

"ఫికర్ చెయ్యకు బావా" అన్నాను. "ఎడమ చెయ్యి గోడకు ఆనిచ్చి నడిస్తే ఎప్పటికైనా బయట పడ్తం. గిదంతా నాకు ఎర్కే."

నడిచాం. నడిచాం. ఇంకా నడిచాం.

"బామ్మర్దీ, గీ రాయికి ఇందాక గూడ మోకాలు కొట్టుకున్న."

"గనిల అన్ని రాళ్లు ఒక్క తీరే ఉంటయి బావా."

"గీ నీళ్లల్ల ఇందాక గూడ కాలేసిన."

"నీళ్లు గూడ ఒక్క తీరే ఉంటయి."

చివరికి కాళ్లు లేవక కూలబడ్డాం. ఎంత పొద్దు పోయిందో తెలియదు. బట్టలు తడిసి వణుకు. అప్పుడు మాత్రం నిజంగా భయమేసింది. అమ్మ అన్న మాటే నిజమయ్యేట్టుంది, మమ్మల్ని పూడ్చే పని కూడా ఎవరికీ ఉండదనుకున్నాను.

చీకట్లో బావ గొంతు వినబడింది. పెళ్లయినప్పటి నుంచీ అన్ని మాటలు ఆయన నోట వినలేదు.

"నేను తోటకు పనికి పోలేదు నర్సిములూ. ఇంట్ల ఏడిస్తే మీ అక్క ఇంకింత కుంగిపోతదని, చెరుకుల కూసొని ఏడ్సిన. నిలువెత్తు చెరుకు, ఎవ్వరికి కనవడది. రోజూ గదే పని. పార తీస్కపోవుడే గాని మట్టి ముట్టలేదు. మన్ను జూస్తే పిల్లనే యాదికొస్తుండె. గా మాట మీ అక్కకు చెప్పరాలేదు. ఇగ చెప్పేటట్టు గూడ లేదు."

అంతలో ఎక్కడో సన్నగా ఆడమనిషి ఏడుపు వినబడింది.

"బావా, దయ్యం!"

"మీ అక్క గొంతు తీరుగుంది" అని బావ లేచాడు.

"పోకు! మనకు కావల్సినోళ్ల గొంతుతోనే పిలుస్తయంట అవి."

"పిలిస్తే పిలవనీ. దయ్యమైనా గా గొంతే గదా. పోత."

ఆయన నిజంగానే కదిలాడు. నేను చొక్కా పట్టుకున్నాను. మనిషిని చావు నుంచి ఆపాలంటే ఆశ చూపాలని తెలివైనవాళ్లు అంటారు. నాకు విసుగు పుట్టిస్తే చాలనిపించింది. అదీ నా ఘనకార్యం.

"ఏం గొంతని పోతవు బావా! గా నోటికి భయపడి మా గల్లీల కాకులు గూడ వాలవు. నువ్వు తప్పిచ్చుకున్నవ్, దేవునికి దండం పెట్టుకో. ఇగ గామె చేసే పచ్చిపులుసు! అండ్ల ఉప్పుకు నాలుక పొక్కుతది. ఊకె కొట్లాడుడు, అలుగుడు. నేను తమ్ముణ్ణి గాబట్టి తప్పక పడుతున్న..."

ఏడుపు ఠక్కున ఆగింది.

"ఏందిరా నర్సిగా," అంది దయ్యం, "నా పచ్చిపులుసుకు ఏమైందిరా?"

మాకు మూడు బారల దూరంలో చీకటి పక్కకు జరిగింది. బూడిద రంగు వెలుతురు లోపలికి పడింది. ఆ వెలుతురులో గొడుగు పట్టుకుని మా అక్క. ఆమె వెనక గొంగడి చేతబట్టుకుని, పక్క తండాలో మేకలు కాసే సోమ్లా అన్న.

జరిగింది ఇది. వాన జోరు చూసి అమ్మ గాబరా పడితే, అక్క బస్సెక్కి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. అంతకుముందే సోమ్లా అన్న మా అరుపులు విని, దయ్యాలు బయటికి రాకుండా గని నోటికి తన గొంగడి అడ్డం కట్టి, దూరంగా మేకల దగ్గర కూర్చున్నాడు. అక్క సైకిలును గుర్తుపట్టి గొంగడి తియ్యబోయింది. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి చెరుకు తోట మాట వినబడింది.

"నేను పిలుస్తనంటే, ఉండన్నా అన్నది" అని సోమ్లా అన్న తర్వాత నాకు చెప్పాడు.

ఇక మేము నడిచిన నడకంటారా, వెలుతురులో నేల మీద కనబడింది. సొరంగం దాటాక గోడ అనుకుని ఆ నడిమి స్తంభానికే చెయ్యి ఆనించి, గానుగెద్దుల్లా దాని చుట్టూ తిరిగాం. మా అడుగులకు అక్కడ చక్కని గుండ్రటి బాట పడింది.

అక్క లోపలికి పాక్కుంటూ వచ్చింది. బావతో ఒక్క మాట అనలేదు. కొంగుతో ఆయన ముఖం మీది బురద తుడిచింది. ఆయన ఆ కొంగు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇద్దరూ ఏడుస్తుంటే నేను ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియక, పైన గబ్బిలాలను చూస్తూ నిలబడ్డాను.

మా ఇంటి మొఖం కూడా చూడకుండా, బట్టల మూట కూడా తీసుకోకుండా, రోడ్డు మీదే బస్సు ఆపి ఆమె బావతో వెళ్లిపోయింది. నాతో మాత్రం పలకలేదు. నేను సైకిలు మీద తడుచుకుంటూ ఇల్లు చేరాను.

"అక్క ఏదిరా?" అంది అమ్మ.

"బావతోని పోయింది."

"అయ్యో నా తల్లే! నువ్వేం జెప్పినవురా, గట్ల ఒప్పుకున్నది?"

"నేను జెప్పింది ఇనకుంటేనే బాగుండు" అన్నాను.

తర్వాత వాళ్లకు మళ్లీ పిల్లలు పుట్టలేదు. ఇద్దరే ఉండేవాళ్లు. తోటకు మాత్రం కలిసి పోయేవాళ్లు. బావ మునుపటిలాగే తక్కువ మాట్లాడేవాడు. అక్క నాతో మాట్లాడటానికి రెండు దసరాలు పట్టింది.

కాబట్టి సమస్త బావలకూ బామ్మర్దులకూ ఇందుమూలంగా తెలియజేసుకుంటూ నేను చేస్తున్న ప్రమాణం ఏమనగా: ఇక జన్మలో గనిలో దూరను. దూరినా బావను తీసుకుపోను. తీసుకుపోయినా ఓదార్చను. ఓదార్చక తప్పని పరిస్థితే వస్తే, మొదట ఏడ్చే దయ్యాన్ని పేరు అడిగి, ఊరు అడిగి, మాకేమైనా చుట్టరికం ఉందేమో కనుక్కుని, ఆ తర్వాతే నోరు విప్పుతాను.