అంకెలకు పని నేర్పిన వీరరాఘవన్

వీరరాఘవన్‌కు ఉన్న జబ్బు ఒక్కటే. అంకె ఊరికే కూర్చుని ఉంటే చూడలేడు. దానికి ఏదో ఒక పని నేర్పించేదాకా ఆయనకు అన్నం సయించదు.

ఈ సంగతి ప్రీతికకు ఉద్యోగంలో చేరిన మొదటిరోజే తెలిసింది. ఫ్రెంచివాళ్ళ కాలంనాటి వైట్ టౌన్‌లో, వచ్చేపోయే వాళ్ళంతా ఆనుకుని ఫొటోలు దిగే ఒక పసుప్పచ్చ గోడ వెనక, మేడమీద ఉంది ఆ ఆఫీసు. స్కానింగ్ సెంటర్లకు ప్రోగ్రాములు రాసివ్వడం వాళ్ళ పని. ఎవరికి ఎప్పుడు స్కాన్, ఎప్పటినుంచి అన్నం మానాలి, ఎప్పుడు నీళ్ళు తాగాలి, అన్నీ రోగుల ఫోన్లకు మెసేజిలుగా పోతాయి. ఆ ఆఫీసులో అందరికంటే పాత మనిషి వీరరాఘవన్. యాభై నాలుగేళ్ళు, నెరిసిన మీసం, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. ఒక్కటీ రాయదు.

"పాపా, ఈ పదైదును చూడు. దీనికేం తెలుసు?" అన్నాడాయన తెర మీది అంకెను చూపిస్తూ.

"పద్నాలుగు తర్వాత రావాలని తెలుసు సార్."

"అంతే కదా? అంతకుమించి ఏం తెలీదు. సుమ్మా, ఊరికే కూర్చోనుండాది. చూస్తే ఒళ్ళు మండతాది నాకు." అని ఆ పదిహేను పక్కన ఒక చుక్క పెట్టి, 'నిమిషాలు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. 15.నిమిషాలు. యంత్రం వెంటనే 900 అని జవాబిచ్చింది. కాలాన్ని సెకన్లలో తప్ప ఎరగదది. "చూసినావా? నిన్నటిదాకా దీనికి నిమిషమంటే ఏందో తెలీదు. నేను నేర్పించినా."

"మీ ఇంట్లోనూ తెలుగేనా సార్?"

"తెలుగే. చదివేకి మాత్రం రాదు."

"నాకూ రాదు సార్."

"అట్లయితే సార్ యాడిది? మామా అని పిలువు."

అలా మొదటి పూటలోనే ఆమెకొక మామా, ఒక తలనొప్పీ కలిసి దొరికాయి. ఆయన అంకెలకు నేర్పిన విద్యలు అప్పటికి రెండువందల పద్నాలుగు. 3.వారాలు, 1.రోజు, 12.గంటల_పస్తు వంటివి బుద్ధిమంతులు. తక్కినవి ఆయన సొంత సంతానం. 5.చెల్లప్పన్ అని ఒకటి ఉండేది. వీధి చివర టీ కొట్టు చెల్లప్పన్ ఎవరేమడిగినా "ఐదు నిమిషాలు" అంటాడు. వీరరాఘవన్ నెలరోజులు గడియారం పట్టుకుని కొలిచి, చెల్లప్పన్ ఐదు నిమిషాలంటే లోకం ఇరవైమూడు నిమిషాలని తేల్చి, ఆ విద్య ఐదుకు నేర్పించాడు. ఆఫీసులో టీ గంట ఆ లెక్క ప్రకారమే మోగేది. విషయం తెలిసి చెల్లప్పన్ కోప్పడతాడనుకున్నారు. అతను పొంగిపోయాడు. "కంప్యూటర్లో నా పేరుండాది" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకోవడంతో ఇరవైమూడు కాస్తా ఇరవై ఎనిమిదైంది. వీరరాఘవన్ ఓపిగ్గా మళ్ళీ దిద్దాడు.

మాట్లాడేటప్పుడు కూడా ఆ చుక్క వదిలేవాడు కాదు. ఒక ఆదివారం ప్రీతిక కదిర్కామంలో వాళ్ళింటికి భోజనానికి వెళితే, "నాకు రెండు చుక్క దోసెలు" అన్నాడు భార్యతో. మీనాంబాళ్ రెండు దోసెలు విసిరి, ప్రీతిక వైపు తిరిగింది.

"ఇరవై ఎనిమిది చుక్క సంవత్సరాలుగా చూస్తా ఉండానమ్మా. లోకంలో ఉండే అంకెలకంతా పని నేర్పించినాడు. ఆ ఊడిపోయిన కిటికీ గొళ్ళెం మాత్రం ఇంకా సుమ్మానే ఉండాది."

"అది అంకె కాదు కదా మీనా."

"అవును. అంకె అయ్యుంటే ఈపాటికి దానికీ మర్యాద దొరికుండును."

ఇంత సరదాగా సాగుతున్న కాపురంలోకి మేనేజరు అరవిందన్ వచ్చి పడ్డాడు. ఇదే ఆఫీసులో మొదలుపెట్టి, పదకొండేళ్ళలో మెట్లన్నీ ఎక్కినవాడు. అతనింట్లోనూ తెలుగే. అయితే కోపం మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. ప్రీతిక ప్రొబేషన్ ఐదో నెలలో ఉండగా ఆమెను గదిలోకి పిలిచాడు.

"వీరరాఘవన్ అంకెలకు నేర్పిన చేష్టలన్నీ తీసెయ్. శుక్రవారం లోపల."

"అన్నీనా సార్?"

"అన్నీ. ఐదు అంటే ఊరందరికీ ఒకటే ఐదు. దానికి ఈయనొక యాస నేర్పినాడు. రేపు మనం బయటినుంచి తెచ్చుకునే ప్రోగ్రాము కూడా 'నిమిషాలు' అని దానికి వేరే అర్థం నేర్పితే, ఆ ఐదు ఎవరి మాట వినాల?"

మాట న్యాయమైనదే. అరవిందన్ ఇంకో మాట కూడా అన్నాడు. "ఇది శుభ్రంగా అయితే శుక్రవారం నీ కన్ఫర్మేషన్ లెటర్ మీద సంతకం పెడతా. ఏదైనా తప్పు జరిగిందంటే, కష్టం."

లైన్‌మాన్ కూతురు ప్రీతిక. వాళ్ళింట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం వచ్చిన మొదటి మనిషి. ఆ లెటరు కోసం వాళ్ళమ్మ అప్పుడే ఒక ప్లాస్టిక్ ఫోల్డరు కొనిపెట్టింది. కాబట్టి ప్రీతిక మామ మొహం చూడకుండా పని మొదలుపెట్టింది.

వీరరాఘవన్ అలగలేదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కో విద్య పోతుంటే, పెళ్ళై అత్తారింటికి పోయే కూతుళ్ళను సాగనంపినట్టు రెండేసి మాటలు చెప్పాడు. "అది మంచిది పాపా, ఎవరికీ కష్టమివ్వలా." "దాన్ని తీసెయ్, అది నేను జ్వరంలో రాసింది."

బుధవారం 'నిమిషాలు' వంతు వచ్చింది. ప్రోగ్రాములో అరవైమూడు చోట్ల ఉందది. ప్రతిచోటా చుక్కనూ మాటనూ కొట్టేసి, అంకెను అరవైతో హెచ్చవేయాలి. ప్రీతిక అరవైరెండు చోట్ల హెచ్చవేసింది. అరవైమూడో చోట 15 ఒంటరిగా మిగిలిపోయింది. ఆ పదిహేనుకు నిమిషమంటే ఏమిటో ఇప్పుడు తెలియదు. అది తన వంతు పని సెకన్లలో మొదలుపెట్టింది.

గురువారం పొద్దున ఆఫీసు ఫోను మోగింది. ప్రీతికే ఎత్తింది.

"పాపా, నా పేరు మంగళం. కడుపు స్కానుకు రమ్మన్నారు. ఒక గ్లాసు నీళ్ళు తాగమని మెసేజి వచ్చింది. తాగినా. గ్లాసు కింద పెట్టేలోపల ఇంకొకటి వచ్చింది. అదీ తాగినా. ఇప్పుడు ఎనిమిదో గ్లాసు. ఇంకా తాగమంటానే ఉండాది మీ ఫోను. బిందె అయిపోతా ఉంది."

ప్రీతిక ఫోను వీరరాఘవన్‌కు వినిపించేట్టు చాచింది. వీరరాఘవన్ ఒక చేత్తో మెసేజిలు ఆపేసి, ఇంకో చేత్తో ఫోను అందుకున్నాడు. "అక్కా, చాలు. గ్లాసు కింద పెట్టండి."

"సరి తమ్ముడూ. ఇప్పుడు బాత్రూముకు పోవచ్చునా, పోకూడదా? అది మాత్రం మెసేజిలో రాలా."

"పోండక్కా. తక్షణం పోండి. స్కాను మేము ఇంకో టైముకు మారుస్తాం."

అప్పటికి స్కానింగ్ సెంటరునుంచి అరవిందన్‌కు వార్త చేరింది. గదిలోంచి బయటికి వచ్చి ఇంగ్లీషులో అడిగాడు, ఎవరు చేశారని. ప్రీతిక లేచి నిలబడింది.

"నేనే" అన్నాడు వీరరాఘవన్, కూర్చున్నచోటునుంచి కదలకుండా. "పోతా పోతా ఒక అంకెను తడిమినా. అది తిరగబడింది."

అరవిందన్ ఆశ్చర్యపోలేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అంకెలు తిరగబడ్డాయంటే వీరరాఘవన్ కాక ఇంకెవరు? తిట్లు పది నిమిషాలు సాగాయి. ఆయన మీసం దువ్వుకుంటూ విన్నాడు.

"ఎందుకు మామా అట్లా చెప్పినారు?" అంది ప్రీతిక, అరవిందన్ తలుపు మూసుకున్నాక.

"ఈ ఆఫీసులో ఏ తప్పు జరిగినా ముందు నా మొహమే చూస్తారు. ఆ పేరు సంపాదించేకి ఎన్నేళ్ళు పట్టిందనుకున్నావు? దాన్ని వాడుకోకుండా పెట్టె లోపల పెట్టుకోమంటావా?"

ఆ మాట ప్రీతికను కుదురుగా ఉండనివ్వలేదు. మధ్యాహ్నమంతా కూర్చుని పాత మార్పుల చరిత్ర తిరగేసింది. ప్రోగ్రాములో ఏ వరస ఎవరు రాశారో, ఎవరు దిద్దారో, తేదీలతో సహా యంత్రం దాచిపెడుతుంది. 'వారాలు' పుట్టడానికి ముందురోజు, ఎప్పుడో మానేసిపోయిన ఒక కొత్త పిల్ల వారానికి ఆరు రోజులు లెక్కేసింది. 'గంటల_పస్తు' ముందురోజు ఇంకో కొత్తవాడు పస్తును పన్నెండు గంటలకు బదులు రెండు చేశాడు. తప్పు ఒకరిది, మర్నాడు పొద్దునే అంకెకు కొత్త విద్య. ఇంకెవరూ ఆ గుంటలో మళ్ళీ పడకుండా. రెండువందల పద్నాలుగింటి వెనకా ఇదే ఉందని చెబితే అబద్ధం. చెల్లప్పన్ విద్య వెనక ఉన్నది ఉత్త ఆకలే. కానీ ఒక నలభై దాకా ఉన్నాయి.

వాటిలో అన్నిటికంటే పాతది 'రోజు'. ప్రీతిక ఆ పేజీ తెరిచి చూసి, ల్యాప్‌టాప్ ఎత్తుకుని అరవిందన్ గదికి నడిచింది.

"సార్, పొద్దుటి తప్పు నాది. పదైదును నేనే హెచ్చవేయలేదు. మామ ఊరికే నెత్తిన వేసుకున్నారు." ఒక్క గుక్కలో చెప్పేసింది. ప్లాస్టిక్ ఫోల్డరు కళ్ళముందు ఒకసారి మెదిలి పోయింది. "ఇంకొకటి. ఈ 'రోజు' తీసే ముందు దీని పాత వరస ఒకసారి చూస్తారా?"

అరవిందన్ చూశాడు. పదకొండేళ్ళ కిందటి వరస. రోజుకు 86400 సెకన్లు రాయాల్సినచోట 8640 అని ఉంది. సున్నా ఒకటి ఎగిరిపోయింది. అన్నం మానమని ముందురోజు పోవాల్సిన మెసేజి రెండున్నర గంటల ముందు పోయింది. ఆ పొద్దు ముప్ఫై ఒక్కమంది ఇడ్లీలు తిని వచ్చి కూర్చున్నారు. ఒక్క స్కానూ జరగలేదు. అది అరవిందన్‌కు బాగా గుర్తుంది. ఆ రోజు పాత యజమాని ముందు "నేనే" అన్నది వీరరాఘవనే. అందుకే కదా ఆయన అంకెల జోలికి పోతే ప్రమాదమని తను ఇన్నేళ్ళుగా నమ్మాడు.

ఆ వరస పక్కన రాసినవాడి పేరుంది. అరవిందన్ అని.

కింద మర్నాటి తేదీతో వీరరాఘవన్ దిద్దుబాటు: 1.రోజు. దాని పక్కన చిన్న గమనిక: సున్నాలు లెక్కపెట్టేది మనుషుల పని కాదు.

అరవిందన్ డ్రాయర్ లాగి, లెటరు తీసి, సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాడు. శుక్రవారానికి ఇంకో రోజుంది.

"అన్నీ తీసెయ్యద్దు. ఒకే ఫైల్లో పెట్టు. పిలిచినచోట మాత్రం పలికేటట్టు చెయ్. బయటోళ్ళ అంకెలను ముట్టుకోకూడదు." ఈసారి తెలుగులోనే వచ్చింది మాట. తర్వాత లేచి, ఆమెకంటే ముందు తనే బయటికి నడిచి, వీరరాఘవన్ బల్ల ముందు నిలబడ్డాడు.

"ఆ ఎనిమిదివేల ఆరువందల నలభై నేను రాసిందంట."

"తెలుసు" అన్నాడు వీరరాఘవన్, తెర మీంచి చూపు తిప్పకుండా.

"పదకొండేళ్ళుగా ఎందుకు చెప్పలేదు మీరు?"

"దయ అనుకునేవు. అదంతా ఏమీ లేదు. మనిషికి తప్పు చెప్తే నాలుగు రోజులు మూతి ముడుచుకొని కూర్చుంటాడు. అంతవరకూ వాని పని కూడా నేనే చెయ్యాల. అంకెకైతే ఒక్కసారి చెప్తే చాలు. నేర్చుకుంటాది, మూతి ముడుచుకోదు."

అరవిందన్ పెదాలు రెండూ బిగుసుకుని ముందుకు వచ్చాయి.

వీరరాఘవన్ అప్పుడు తలెత్తి, ప్రీతికకు చూపుడువేలుతో చూపించాడు.

"ఇదో పాపా, ఇదే నేను చెప్పేది."