సల్మా ఆపా కత్తిరించిన పుర్రెలు

స్టిక్కర్లు కోసే వినైల్ షీటు వెనక కాగితం ఒలిచినప్పుడు వచ్చే జిగురు వాసన నన్ను జగిత్యాలలోని నా దుకాణం నుంచి లేపి, కోరుట్లలో సల్మా ఆపా స్టిక్కర్ల గదిలోకి తీసుకుపోతుంది. పెళ్లికి ముందు నేను పనిచేసింది అక్కడే. రేకుల సందుల్లోంచి ఎండ నేలమీద పడేది. రంగురంగుల ముక్కలు ఫ్యాను గాలికి మెల్లగా కదిలేవి. ఆ గదిలో కాలానికే తొందర ఉండేది కాదు, ఆపాకు అసలే లేదు. కట్టింగ్ మిషన్ కొనే స్తోమత లేక బొమ్మ చుట్టూ బ్లేడుతోనే కోసేది. "మూల ఉంటే అక్కడికెల్లే లేస్తది బిడ్డా, గుండ్రంగ తిప్పు," అనేది నాతో.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. బస్సులు బంద్, హైదరాబాద్ సరుకూ బంద్. స్టిక్కర్ తడవకుండా పైన అంటించే లామినేషన్ పొర ఒక్క రోలే మిగిలింది, అదీ అడుగుకొచ్చింది. ఆపా కొడుకు ఇమ్రాన్ మర్నాటి ర్యాలీలో బండ్లకు అంటించాలని తెలంగాణ మ్యాపులు అచ్చువేసి పెట్టుకున్నాడు. ఆ పొర వాటికేనని అతని ధీమా.

సరిగ్గా అప్పుడే సిరిసిల్లలో అద్దకం పనిచేసే మా నాయిన, పేరు చీటీ ఊడిపోయిన డబ్బాలో నీళ్లున్నాయనుకొని చెయ్యి ముంచాడు. అది యాసిడ్. చెయ్యి కాలిపోయింది. అలాంటి డబ్బాలు అక్కడ ఇంకా ఉన్నాయి. ఆపా ముందు ఆ సంగతి చెప్పి ఏడ్చానే గానీ ఏమీ అడగలేదు. ఆమే లేచి పుర్రె బొమ్మలు అచ్చువేయసాగింది. ఆ డబ్బాల్లో ఉన్నది ప్రమాదమని చదువు రానివాళ్లకూ తెలియాలి కదా. ముందు అరచెయ్యి బొమ్మ అనుకుంది. "అద్దు తియ్, ఏదో పార్టీ అంటరు," అని తనే నవ్వింది.

"అమ్మీ, గా రోలు ర్యాలీ కోసం పెట్టింది. తెలంగాణ అద్దా నీకు?" ఇమ్రాన్ గొంతు పెంచాడు.

"గావాలె కొడుకా. అచ్చే తెలంగాణల పనిజేసెటందుకు గీళ్ల చేతులు గూడ గావాలె."

అతను పొర లేని మ్యాపులే తీసుకుని విసురుగా వెళ్లిపోయాడు. నేను వెంటనే పొర అంటిద్దామని తొందరపడితే, "రంగు ఆరనియ్యి, లేకుంటే బుడగలు లేస్తయి," అంది ఆపా.

మర్నాడు సాయంత్రం మేము పొర అంటిస్తుండగా ఇమ్రాన్ వానలో తడిసి వచ్చాడు. మ్యాపుల రంగంతా అతని చేతులకే ఉంది. కాసేపు గుమ్మంలోనే నిలబడి చూశాడు.

"బస్సుల్లేవు గద. సిరిసిల్లకు బండి మీద నేనే తీస్కపోత," అన్నాడు.

తెలంగాణ వచ్చిన రోజు కోరుట్ల వీధులన్నీ రంగులు చల్లుకుంటున్నాయి. ఆ సందడిలోంచి ఆపా, పెళ్లయి జగిత్యాలలో ఉన్న నాకు ఫోన్ చేసింది. సంబురం గురించి చెబుతుందనుకున్నాను.

"బిడ్డా, డబ్బల మీద పుర్రెలు మంచిగున్నయా?" అని అడిగింది.

నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆపా లేదు. సిరిసిల్ల వెళ్లినప్పుడల్లా ఆ అద్దకం గదిలోకి పోయి, ఒక్కో డబ్బా మీది పుర్రె అంచును వేలితో తడిమి చూసి వస్తాను.