తెరచాప చినిగింది, మామ లూమ్ బంద్ చేసిండు

ఇంటికాడ ఆడోళ్లం అంచులు కుట్టెటందుకు టవల్లు తెచ్చుకుందామని ఇయ్యాల దాజీ పేట్‌ల మా మేనమామ కార్ఖానాకు పోయిన. టవల్లు నేసే లూమ్ నడిపిస్తున్న మామకు నా ఫోన్ల పడవల రేసు చూపిచ్చిన. సముద్రం మీద నీళ్లకు అంటకుంట ఎగిరే పడవలు, అన్ని ఒక్క తీరుగ కట్టినయి. ఇంజన్ లేదు, తెరచాపకు గాలి తగిలితెనే ఉరుకుడు.

ముందల ఉన్న పడవ తెరచాప బర్రున చినిగింది. మామ చెయ్యి దానంతట అదే పోయి లూమ్ బంద్ చేసింది! పోగు తెగితే ఆపే అలవాటు మరి.

"అరే బాప్ రే! నేసినోడు ఎవడో, బిచారా, అందరు వాన్నే అంటరు. మల్ల చూపియ్యి బిడ్డా," అన్నడు.

నాలుగుసార్లు చూపిచ్చిన. కండ్లద్దాలు తుడుసుకొని, చినిగిన కాడ వేలు పెట్టిండు.

"చూడు, కుట్టు పిగిలింది. బట్ట మంచిగనే ఉన్నది. నేసినోని తప్పు లేదు."

నిమ్మలపడి లూమ్ మల్ల నడిపియ్యబట్టిండు.

"గంత గాలికి కుట్టు మాత్రం ఏం చేస్తది మామా?" అని నేను అడిగిన. లూమ్ సప్పుడుల ఆయనకు ఇనపడలే.

అందుకే ఇక్కడ రాస్తున్న. మీరన్న చెప్పుండ్రి, తప్పు కుట్టినామెదా, గాలిదా?