ఇంజను దేవుడు నా కొట్టు ముందు ఆగిన రోజు

ముందే చెప్పేస్తున్నాను, ఆ ఇనుప పలకను దొంగిలించింది నేనే. సగం కథ అయ్యాక మీరే కనిపెట్టి నా వైపు అదోలా చూడటం నాకిష్టం లేదు.

గీదంలో బస్టాండు వెనక సందులో నాది చాయ్ కొట్టు. రెండు కొట్ల అవతల, సందు మొదట్లో లచ్చు మేస్త్రీ షెడ్డు. అతనిది జగర్గుండా అవతల ఒక చిన్న ఊరు. అడవిలో గొడవలకి ఆ ఊరు ఖాళీ అయిన రోజుల్లో ఒక పానా, రెండు కోళ్ళు పట్టుకుని ఇక్కడికొచ్చాడు. కోళ్ళు మొదటి వారంలోనే మా ఇద్దరి కడుపుల్లోకి పోయాయి. ఆ విందులోనే నన్ను బావా అన్నాడు. నాకు చెల్లెల్లేదు, అతనికి అక్క లేదు. అయినా బావాబావమరదుల మధ్య ఉండాల్సిన వెటకారానికి ఇన్నేళ్ళూ మేం ఏ లోటూ రానివ్వలేదు.

లచ్చు హిందీలో బేరమాడతాడు, తెలుగులో ఒట్టేస్తాడు, హల్బీలో నవ్విస్తాడు. ఇంజను మొండికేస్తే మాత్రం అమ్మ నేర్పిన దోర్లీలోకి దిగుతాడు. జబ్బు కనిపెట్టాలంటే పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. అప్పుడు ఎవరూ నోరు మెదపకూడదు. ఒకసారి ఒక కాంట్రాక్టరు "ఇంకెంతసేపు?" అని అడిగాడు. "డాక్టరు నీ గుండె చూసేటప్పుడు గూడ గిట్లనే మాట్లాడ్తవా?" అన్నాడు లచ్చు. ఆ కాంట్రాక్టరు ఇప్పటికీ అతని దగ్గరికే వస్తాడు.

ఇక కారు సంగతి. భానుప్రసాద్ గారని, గనుల టౌన్‌షిప్‌లో డంపరు నడిపి రిటైరై మా సందు చివర ఇల్లు కట్టుకున్నారు. కోస్తా మనిషి. ముప్పై ఏళ్ళు కొండంత బండి నడిపాక ఆయనకి చిన్న బండి మీద మోజు పుట్టింది. ఏ ఆఫీసరో వదిలేసి వెళ్ళిన పాత స్పోర్ట్స్ కారు వేలానికొస్తే కొనేశారు. ఎర్రటిది. రెండే సీట్లు, పైకప్పు లేదు, ఎత్తు నా బెంచీ కన్నా కాస్త ఎక్కువ. పెళ్ళిచూపుల్లో పిల్లచేత ఒక్క మాటైనా మాట్లాడించకుండా ఒప్పేసుకున్నవాడిలా, స్టార్టు చేయించకుండానే కొన్నారు. ఇంటికి చేరాక తెలిసింది, ఇంజను బిగుసుకుపోయి ఉందని.

లచ్చు విని, పెదవి విరిచి, ఎక్కడో పల్టీ కొట్టిన వ్యాను ఇంజను ఒకటి తెచ్చి షెడ్డులో పెట్టాడు.

"స్పోర్ట్స్ కారుకి వ్యాను ఇంజనేంటయ్యా! గుర్రానికి ఎద్దు కాళ్ళు పెట్టినట్టు!" అన్నారు భానుప్రసాద్ గారు.

"ఎద్దు కాళ్ళే మంచిగుంటయ్ సార్. ఈడి రోడ్ల సంగతి ఎద్దుకే ఎరుక."

చిక్కు ఇంకోటుంది. ఈ ఇంజను బోల్టులకీ ఆ కారు గేరుబాక్సు బెజ్జాలకీ పొత్తు కుదరలేదు. రెంటి మధ్యా కూర్చోవడానికి ఒక పలక కావాలి. అది ఏ దుకాణంలోనూ దొరకదు. లచ్చు ఇనుప రేకు కోసి, ఆకురాయి పట్టుకుని పదకొండు రోజులు అరగదీశాడు. పళ్ళెమంత పలక, అంచు చుట్టూ బెజ్జాలు. వెంట్రుక వాసి తేడా లేదు. నా కొట్టులో చాయ్ తాగేవాళ్ళంతా దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, మెచ్చుకుని, జిడ్డు నా గ్లాసులకు పూసిపోయారు.

సరిగ్గా అప్పుడే ఊరినుంచి లచ్చు అన్న భీమా వచ్చాడు. రోడ్డు పడిందట. జనం తిరిగొచ్చారట, సంత మళ్ళీ నడుస్తోందట. ఇంటికో మోటారుసైకిలు ఉందట గానీ, చెడితే బాగుచేసేవాడు లేడట. "ఇల్లు కట్టుకోనీకి జాగా ఉంచినం. ఎన్నడొస్తవ్?" అన్నాడు. లచ్చు చాలాసేపు ఆ ఎర్ర కారు ఉన్న వైపే చూసి, "ఈ బండి కదిలిన తెల్లారి బస్సెక్కుత" అని అన్న చేతిలో చెయ్యేశాడు.

నాకు బాధ కలిగిందంటే అబద్ధం. ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు నా చాయ్ తాగి, నా బెంచీ అరగదీసి, నన్ను ఒక్క మాట అడగకుండా ఒట్టేస్తాడా? ఆ సాయంత్రమే అతను చేతులు కడుక్కుంటుంటే పలకను తువ్వాల్లో చుట్టి తెచ్చి, నా కట్టెల మోపు కింద తోసేశాను. బండి కదిలితే కదా బస్సు!

నాలుగు రోజులు గడిచాయి. లచ్చు ఎలుకల్ని తిట్టాడు. "రెండు కిలోల ఇనుము మోసే ఎలుకుంటే సర్కస్‌కి అమ్ముకోవచ్చు" అన్నాను నేను, చాయ్ వడకడుతూ. పాత ఇనుము కొనే ముకేష్ మీద అనుమానం పడితే, "ఛ, ముకేష్ అట్లాంటోడు కాదు" అని కూడా అన్నాను. అంత న్యాయం నాలో ఉందని నాకే తెలియదు.

అయిదో రోజు భానుప్రసాద్ గారికి ముహూర్తం కుదిరింది. పలక తర్వాతైనా చేసుకోవచ్చు, ముందు ఇంజను తన వాకిలి చేరాలన్నారు. సందంతా మురుగు కాలువ కోసం తవ్వి పోశారు, తోపుడుబండి కూడా పోదు. నలుగురు హమాలీలు వచ్చారు. రెండు పొడుగాటి కర్రలు పక్కపక్కన పెట్టి, మధ్యలో ఇంజనును తాళ్ళతో బిగించి, భుజాలకెత్తుకున్నారు. భానుప్రసాద్ గారు ఊరుకుంటారా! దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు.

చాయ్ గిన్నె ముందు నిలబడి ఆ ఊరేగింపు చూస్తూనే చెప్పులు విప్పేశాను.

ఎందుకో చెప్తాను. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఆంగా దేవుడుంటాడు. జంట దుంగలు, వాటిమీద అలంకారం, మోసేది నలుగురు. దొంగతనం జరిగితే దేవుణ్ణి భుజాలకెత్తుతారు. ఇక నడిచేది మనుషులు కాదు, దేవుడే నడిపిస్తాడు. ముందుకూ వెనక్కూ ఊగుతూ, ఇల్లిల్లూ దాటుకుంటూ పోయి, దొంగ గుమ్మం ముందు ఆగి తల వంచుతాడు. నా కళ్ళతో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ దొంగ దొరికాడు.

ఇప్పుడు జంట కర్రల మీద, పసుపూ పూలూ వేసుకుని, కాలువ గుంతల్లో అటూ ఇటూ ఊగుతూ ఆ ఇంజను వస్తోంది. మంగలి షాపు దాటింది. ముకేష్ కొట్టు దాటింది. ముకేష్ కొట్టు దాటినప్పుడే నాకు సగం ప్రాణం పోయింది. నా కొట్టు ముందుకొచ్చి, ఒక్క ఊపు ఊగి, ఆగింది. ముందున్న ఇద్దరు మోకాళ్ళు వంచారు. ఇంజను నా వైపు తల వంచింది.

ఇక నా వల్ల కాలేదు. లోపలికెళ్ళి కట్టెలు లాగేసి, మసి పట్టిన పలకను రెండు చేతుల్తో తెచ్చి, బంతిపూల పక్కన పెట్టి దండం పెట్టాను.

సందంతా నోరు తెరిచింది. "ఇదేంటండీ, మీ దగ్గరుందా?" అన్నారు భానుప్రసాద్ గారు.

"నేనే దాపెట్టమన్న సార్," అన్నాడు ఇంజను వెనకే వస్తున్న లచ్చు వెంటనే. "షెడ్డుల పోతదని బావకిచ్చిన. ఇచ్చిన సంగతి మర్సిపోయిన. ముసలోన్నైతున్న."

హమాలీలు పగలబడి నవ్వారు. మతిమరుపు మేస్త్రీ అని ముకేష్ అక్కడికక్కడే పేరు పెట్టాడు. బోల్టు పారేసుకున్న పనివాణ్ణి గడప తొక్కనివ్వని మనిషి, ఆ పేరు కిక్కురుమనకుండా మోశాడు. నేను తల దించుకుని చాయ్ పోశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

పలక చక్కగా కూర్చుంది. మర్నాడు పొద్దు వాలకముందే ఎర్ర కారు గుర్రుమంది. కాలువ తవ్విన మట్టి అడ్డం కాబట్టి వాకిట్లోనే మూడు బారలు ముందుకు, మూడు బారలు వెనక్కు కదిలింది. కదలడం కదలడమే.

లచ్చు వచ్చి నా బెంచీ మీద కూర్చున్నాడు. "ఎందుకు తీసినవ్ బావా?"

"నువ్వు పోతావని," అన్నాను. "నువ్వు పోతే నేను ఎవడితో పోట్లాడాలి? మరి నువ్వు చేసిందేంటి? నా పరువు కాపాడేవాడివి, దేవుణ్ణి తెచ్చి నా గుమ్మం ముందే ఎందుకు ఆపించావు?"

అతను నా ముఖం చూశాడు. తర్వాత బెంచీ మీదినుంచి కింద పడేంత నవ్వాడు.

"నేనేడ ఆపిన బావా! వాళ్ళు చెమట తుడ్సుకోనీకి ఆగిన్రు. బరువు మోసేటోడు చాయ్ కొట్టు కాడ ఆగకుంట ఇంకేడ ఆగుతడు?"

చాయ్ పోసి అతని చేతికిచ్చాను. కాసేపటికి అతని నవ్వు ఆగింది. గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"ఇంకో పలక కొట్టనీకి రేకు గూడ తేలే నేను," అన్నాడు మెల్లగా. "నాలుగు దినాలు ఎతికినట్టు చేసిన గాని, మంచిగ ఎతకలే. దొరకకుంటే బాగుండనుకున్న. నువ్వెందుకు బయటవెట్టినవ్ బావా?"