బాయికి పోని డ్రెస్సు

మా తమ్ముడి మీద నాకు ఎంత కోపమంటే, వాడి బొమ్మ ఒంటి మీది బట్టలు కూడా ఊడబీకాను. బొమ్మంటే ఆన్‌లైన్ గేములో వాడి పేరున తిరిగే మనిషి. ఆ బట్టలు గీసింది నేనే, తొడిగింది నేనే. తీసేసే హక్కు కూడా నాదే అనుకున్నాను.

నేను సెంటినరీ కాలనీలో, మా క్వార్టర్‌లోనే కూర్చుని జాకెట్లు కుడతాను. ఆ గేములో ఎవరి బొమ్మకు వాళ్లు బట్టలు గీసుకోవచ్చు, వేరేవాళ్లకూ ఇవ్వచ్చు. చొక్కా ముందు భాగం, వెనక భాగం, చేతులు విడివిడిగా పరిచి ఉంటాయి. వాటి మీద రంగులేస్తే అవి బొమ్మకు చుట్టుకుంటాయి. జనం అదేదో పెద్ద విద్య అన్నట్టు వీడియోలు చూసి నేర్చుకుంటారు. నాకు మాత్రం కత్తిరించి పెట్టిన గుడ్డముక్కల్లాగే కనిపించాయి. చంకల దగ్గర గీతలు కలవక అందరూ తంటాలు పడుతుంటే నావి మొదటిసారే కలిశాయి.

నాలుగైదు లంగా ఓణీలు గీశాక బాయి డ్రెస్సు గీయాలనిపించింది. మా వైపు బొగ్గు గనిని బాయి అంటాం. మా నాన్న, మేం బాపు అని పిలుస్తాం, ఏళ్ల తరబడి బాయిలో దిగి, ఊపిరి సరిగా ఆడక మెడికల్ అన్‌ఫిట్ అయి ఇంట్లో కూర్చున్నాడు. ఆయన వేసుకున్నవే గీశాను. నీలం చొక్కా, ప్యాంటు, బెల్టు, బూట్లు, టోపీ, టోపీకి లైటు, నడుముకు దాని బ్యాటరీ. మంచం మీద ఉన్న బాపుకు ఫోన్ చూపించాను. చాలాసేపు చూశాడు.

"మోకాళ్ల కాడ ఇంక నల్లగుండాలె బిడ్డా. కప్పు కిందికున్న కాడ మోకాళ్ల మీదనే పోతం," అన్నాడు. "లైటు వైరు ఈపు మీదికెల్లి పోవాలె. ముందటుంటే దేనికన్న తట్టుకుంటది."

అలాగే మార్చి ముందు నా బొమ్మకే తొడిగాను. నెత్తిన టోపీ పెట్టుకుని, లైటు వేసుకుని నిలబడ్డ ఆ ఆడమనిషిని చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆ ఉద్యోగం నేను చేయాలనుకున్నది.

బాపు అన్‌ఫిట్ అయినప్పుడు ఆయన బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు. ఆడపిల్లకైనా ఇస్తారని ఆఫీసులో చెప్పారు. నేను డిగ్రీ పాసై ఉన్నాను. తమ్ముడు ఇంటర్ తప్పి కాలనీలో బండేసుకుని తిరుగుతున్నాడు. అయినా ఇంట్లో మాటామంతీ ఏమీ జరగలేదు. తమ్ముడికి ఉద్యోగం ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదని రాసున్న కాగితం అమ్మ నా ముందు పెట్టింది.

"ఆడిపిల్లవు, బాయిల పనికి నువ్వెట్ల పోతవే? జల్ది సంతకం పెట్టు, వాడు బయట బండి మీద నిలవడ్డడు," అంది.

పెట్టాను. చెయ్యి పడిపోయినా బాగుండేది.

సరే, తీసుకున్నవాడు చేశాడా అంటే అదీ లేదు. రెండు రోజులు డ్యూటీ, నాలుగు రోజులు నాగా. ఒళ్లు నొప్పులంటాడు, లోపల ఉక్కపోతంటాడు. అలాంటివాడు నా బొమ్మను చూసి ఎగబడ్డాడు.

"అక్కా, గా డ్రెస్సు నాగ్గూడ వెయ్యవే, మస్తున్నది. వైరు మాత్రం ముందట పెట్టు, స్టైలుంటది."

చేతిలో ఉన్న కత్తెర విసిరేద్దామనిపించింది. బాయిలోకి దిగేవాడికి వైరు ఎటు నుంచి పోతుందో తెలియదు! అయినా తమ్ముడు కదా అని తొడిగాను, వైరు వెనక నుంచే పెట్టాను. వాడి అకౌంటు చేసిపెట్టిందే నేను, పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది.

ఇక చూడాలి వాడి వైభవం. ఫస్టు షిఫ్టు వాళ్లంతా బాయిలో ఉన్న వేళ, మావాడు మంచంలో బోర్లా పడుకుని గేములో లైటు వేసుకుని తిరిగేవాడు. తాను నిజంగా బొగ్గు తవ్వుతానని అక్కడ ఊరూపేరూ తెలియనివాళ్లకు గొప్పలు పోయేవాడు. పక్క మంచం మీద బాపు ఊపిరి కోసం ఎగపోస్తూ వినేవాడు.

పోయిన నెలలో బాయి ఆఫీసు నుంచి తమ్ముడికి ఛార్జిషీటు వచ్చింది. ఇన్ని నాగాలు ఎందుకు పెట్టావో రాసివ్వకపోతే ఉద్యోగం పోతుందని. అమ్మ నా మిషను మీదున్న గుడ్డ పక్కకు నెట్టి తెల్లకాగితం పెట్టింది.

"నువ్వు మంచిగ రాస్తవ్. కడుపునొప్పని రాయి," అంది.

నేను కాగితం ముట్టలేదు. ఫోన్ తీసి, వాడి అకౌంటు తెరిచి, లైటు, టోపీ, బెల్టు, బూట్లు, చొక్కా, ప్యాంటు ఒక్కొక్కటే తీసేశాను. గేము ఊరికే ఇచ్చే బూడిదరంగు బనీను, నిక్కరు మిగిలాయి. వాడి ఫోన్‌లోనూ అవే కనిపించాయి.

"టోపీ గూడ తీసినవా? టోపీ అన్న ఉంచరాదే అక్కా!" అన్నాడు వాడు. ఉద్యోగం పోతుందన్న ఫికర్ లేదు, టోపీ పోయిందని ఏడుపు.

"బొమ్మ మీద గంత కోపమెందుకే నీకు?" అంది అమ్మ.

"బొమ్మ మీద కాదమ్మా. గా దినం నాకు అభ్యంతరం ఉండె. నువ్వు అడుగలె."

బాపు మంచం మీద నుంచి అమ్మ వైపే చూస్తున్నాడు. అమ్మ నా ముందున్న కాగితం తీసి తమ్ముడి చేతికిచ్చింది.